ఎనిమిదో బోల్టు

నా బల్ల మీద కాగితాలు ఎగిరిపోకుండా పెట్టుకున్న పాత స్పీకరు అయస్కాంతాన్ని ఎప్పుడు చేతిలోకి తీసుకున్నా, అప్పుడే కోసిన పచ్చజొన్న వాసన, దానితోపాటు నా పదేళ్ల వయసునాటి భయం, రెండూ కలిసే వస్తాయి.

ప్రొద్దుటూరులో మా నాయనకు వెల్డింగ్ షెడ్డు ఉండేది. కొడవలి పట్టేవాళ్లు దొరకడం లేదని జమ్మలమడుగు, పులివెందుల వైపు రైతులు మొరపెట్టుకోగా పెట్టుకోగా, పచ్చిమేతను కోసి, ముక్కలు చేసి, వెనక తొట్టిలోకి విసిరే యంత్రమొకటి తయారు చేయాలని ఆయనకు పట్టుదల కలిగింది. వానలకు షెడ్డు వెనక జొన్న నడుమెత్తు పెరిగేసరికి, పీర్ల పండక్కి మస్తాన్ మామ తెచ్చే మలీదా నేతివాసన, గ్రీజు వాసన, తడిమట్టి వాసన కలగలిసిన ఆ చోటే నా లోకమైంది. మస్తాన్ మామ నాయన దగ్గర వెల్డరు. తడిజొన్న ఇరుసుకు చుట్టుకొని యంత్రం ఆగినప్పుడల్లా, "దీనికి మేత కోసేది రాదప్పా, జడేసేదే వచ్చు" అని నవ్వేవాడు.

నాయనకొక నియమం. ప్రతి పరీక్ష తర్వాత యంత్రం ఆపి, కత్తులను బిగించిన ఎనిమిది బోల్టులనూ వేలితో తాకి లెక్కపెట్టాలి. లెక్క సరిపోయాకే తొలి మేత మా బర్రెకు వేయాలి. మన గొడ్డు తిననిది ఇంకొకరి గొడ్డుకు పెట్టకూడదు.

ఒక సాయంత్రం పరీక్ష ముగిసి, నాయన ఇంకా బోల్టులు లెక్కపెట్టకముందే, పచ్చివాసనకు బర్రె ఆగకుండా అరుస్తుంటే, ఎవరూ చూడకుండా దోసెడు మేత దాని ముందు వేశాను. అది నమిలి మింగిన కాసేపటికి, నాయన వేలు ఏడో బోల్టు దగ్గర ఆగింది. ఎనిమిదోది లేదు.

"మేతలో పడిందంటే గొడ్డు పేగు తెగతాది. ఎవురన్నా బర్రెకేసినారా?"

"ల్యా నాయనా" అన్నాను.

మస్తాన్ మామ షెడ్డులోని పాత స్పీకరు అయస్కాంతాన్ని మేతకుప్ప మీద అంగుళం వదలకుండా తిప్పాడు. ఏమీ అంటుకోలేదు. వాళ్లు కోసిన చేలో జొన్నమోళ్ల మధ్య వెతకడానికి పోయినప్పుడు, నేను ఆ అయస్కాంతాన్ని తీసుకెళ్లి బర్రె పొట్టకు ఆనించి, అటూ ఇటూ జరిపాను.

"ఆడేం జేస్తాండావు మ్మా?" వెనక నాయన.

"ఏసినా నాయనా. దోసెడే."

ఆయన తిట్టలేదు. బర్రె పక్కనే చతికిలబడి దాని డొక్కమీద చెయ్యి వేసి, చీకటి పడేదాకా లేవలేదు. తర్వాత రోజూ పొద్దున్నే పేడను పుల్లతో విరిచి చూసేవాళ్లం; బర్రె కాస్త గట్టిగా ఊపిరి వదిలినా నేను పరుగెత్తిపోయి చూసేదాన్ని. యంత్రం కోసం పులివెందుల నుంచి వచ్చిన రైతును నాయన, "ఇంగా పరీచ్చ కాలేదప్పా" అని తిప్పి పంపాడు. ప్రతి బోల్టుకూ రంధ్రం చేసి తీగతో బిగించాకే మళ్లీ యంత్రం కదిలింది.

బర్రె బతికింది, ఈనింది. ఇప్పుడు అది లేదు, షెడ్డు లేదు, జొన్న ఉన్నచోట ఇళ్ల స్థలాలు. మేత కోసే యంత్రాలు లారీల్లో వస్తున్నాయి. బర్రె బతికింది కనుక బోల్టు మింగలేదని తర్వాత నేను చదివిన కాలేజీ చర్చావేదిక మీదైతే తేలికగా వాదించి గెలిచేదాన్ని. కానీ ఆ బోల్టు ఇంతవరకూ దొరకలేదు. ఏ పొలంలోనైనా మేతయంత్రం ఆగితే నా వేలు దానంతటదే గాలిలో లెక్కపెడుతుంది; ఏడు దగ్గర ఆగిపోతుంది.