గవిని ముందు ఏడు చుక్కలు

"గవినికాడ ముగ్గమ్మా, గడపకాడ ముగ్గమ్మా,
ఏనుగు తొక్కని ముగ్గమ్మా, ఏడూ సుక్కల ముగ్గమ్మా..."

ఆ తర్వాత ఏముందో గుర్తుకు రాదు. మా అమ్మ పాడేది. మొన్న గురువారం పొద్దున్నుంచి ఈ రెండు లైన్లే నోట్లో తిరుగుతా ఉన్నాయి. మూడోది రాదు, ఈ రెండూ పోవు! కూచుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఏదో ఒకటి సర్దాలనిపిస్తుంది. ఆ నిలకడలేనితనమే నన్ను ముంచింది. ఇప్పుడు పుంగనూరు ఆటో స్టాండులో "సుద్దముక్క అవ్వ" అని అడగండి, చిన్నా పెద్దా అందరూ చెబుతారు. అంత పేరు సంపాదించుకొని వచ్చాను, ఒక్క మధ్యాహ్నంలో!

మా మనవరాలు కీర్తి మదనపల్లెలో తొమ్మిదో క్లాసు. అరవై దాటినాక నాకు అక్షరాలు నేర్పింది అదే. ఇదంతా ఇప్పుడు నేనే రాస్తున్నాను, ఒత్తులు తప్పుంటే మీరే దిద్దుకోండి. వాళ్ల స్కూల్లో "అప్పుడు - ఇప్పుడు" అని ఎగ్జిబిషన్ పెట్టారు. తలా ఒక పాత కట్టడం ఫొటో ఇచ్చి, అదే చోట నిలబడి, అదే ఎండలో కొత్త ఫొటో తీసుకురమ్మన్నారు. కీర్తికి వచ్చింది పుంగనూరులోని పాత బంగళా గవిని. గవిని అంటే పెద్ద వాకిలి, ఏనుగు పోయేంత.

నేను ఊరుకోవచ్చు కదా! "ఆ గవిని నాకు తెలియకపోతే ఇంకెవురికి తెలుస్తుంది? మా అమ్మ దినామూ ఆడ కసువు చిమ్మి ముగ్గేసేది. నేనూ వస్తా పద" అన్నాను.

"వస్తే రా అవ్వా. అయితే ఒక్క మాట. సార్ ఏమన్నాడో తెలుసా? ఫొటోలో పడే చోట మనం ఏదీ మార్చకూడదు. ఉండేది ఉండేట్టే తీయాల. సాయంత్రం ఐదు లోపల పంపకపోతే నా పేరు లిస్టులో ఉండదు."

"సరేలే, నాకేం తెలియదా?" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

బస్సులో కీర్తి ఆ పాత ఫొటో జిరాక్స్ కాగితం చూపించింది. గవిని కింద తెల్లగా ఏదో మచ్చ. "జిరాక్స్ మిషన్ మరక అవ్వా" అంది. నేను సరిగా చూడలేదు. కిటికీలోంచి బోర్డులు చదువుకోవడంలో ఉన్నాను. ఒక బోర్డు సగం చదివేలోపల బస్సు ఇంకో బోర్డు దగ్గరికి పోతుంది. ఆ డ్రైవర్లకు చదువుకునేవాళ్లంటే దయ ఉండదు.

దిగి చూస్తే, అమ్మా! గవిని అక్కడే ఉంది గానీ చుట్టూ ఉండేవేవీ లేవు. మా కాలంలో ముందర పొట్టి ఆవులు కట్టేసి ఉండేవి, నా నడుమెత్తు. ఇప్పుడు అక్కడ ఆటోలు కట్టేసి ఉన్నాయి. ఒక పక్క టీ అంగడి, ఒక పక్క సెల్‌ఫోన్ అంగడి. పైన గారలో చేసిన చిలకలు ముక్కులు పోగొట్టుకొని ఇంకా అట్లే చూస్తున్నాయి. కింద రాతిబండల మీద మాత్రం టీ కప్పులు, ఎండుటాకులు, బురద. ఈ బండల మీద అన్నం పెట్టుకొని తినొచ్చు అనేవాళ్లు, మా అమ్మ చిమ్మిన రోజుల్లో.

కీర్తి ఫోను చూసుకొని అదిరిపడింది. "అవ్వా, చార్జింగ్ లేదు! ఆ అంగట్లో పెట్టుకోని వస్తా. నాలుగున్నరకి ఎండ సరిగ్గా గవిని మీద పడుతుంది. నువ్వు ఈడ్నే కూచో. ఏదీ ముట్టుకోవద్దు!"

కూచున్నాను. నిజంగానే కూచున్నాను, ఒక ఐదు నిమిషాలు! పాట మళ్లీ మొదలైంది. చేతులు దురద. ఒక్క కప్పు తీసి పక్కన వేద్దాం అనుకున్నాను. ఒకటి తీస్తే రెండోది కనిపించింది. టీ అంగడామెను పరక అడిగితే ఇచ్చింది. చిమ్మితే దుమ్ము లేచింది. దుమ్ము లేస్తే నీళ్లు చల్లాలి కదా, ఒక చెంబు చల్లాను. తడి బండ నల్లగా మెరిసిపోతా ఉంటే, ఇంక చెప్పండి, ఏ ఆడమనిషి అట్లే వదిలేసి పోతుంది?

నా సంచిలో ఎప్పుడూ సుద్దముక్క ఉంటుంది, అక్షరాలు దిద్దుకోవడానికి. ఏడు చుక్కలు పెట్టాను. తీగ లాగాను. మూడో లైను వస్తుందేమోనని ఆ రెండు లైన్లే మళ్లీ మళ్లీ పాడుకుంటా ఉన్నాను.

తల పైన ఒక గొంతు. "ఏం సామి అమ్మా ఈడ?"

చూస్తే పూలగంప ఆమె.

"సామీ లేదు ఏమీ లేదు తల్లీ. ఊరికే వేస్తాండా."

"ఊరికే ఎవురేస్తారు, బజార్లో కూచోని, పాట పాడుకుంటా? చెప్పగూడదేమోలే" అని తనే సర్దిచెప్పుకొని, మూరెడు పూలు ముగ్గులో పెట్టి దండం పెట్టింది. ఆమె వెనక ఇంకొకామె చెప్పులు విడిచింది. అంతే! మన ఊళ్లలో నాలుగు జతల చెప్పులు విడిచి ఉంటే చాలు, ఐదో మనిషి ఎందుకని అడగడు. తనూ విడిచేస్తాడు.

ఆటో ఆయన ఒకడు కొత్త బండి తెచ్చాడంట. టెంకాయ కొట్టాడు. కర్పూరం వెలిగించాడు. హారతి నా ముఖం ముందుకు తెచ్చాడు. తప్పు నాదే, ఒప్పుకుంటున్నాను. హారతి కనిపిస్తే నా చేతులు నన్ను అడగవు. కళ్లకద్దుకొని, పళ్లెం పక్కామెకు అందించేశాను. ఆమె ఇంకొకామెకు. ఆటో ఆయన కుంకం పొట్లం చేతిలో పెట్టి, "అవ్వా, నీ చేత్తో బండికి ఒక్క బొట్టు" అన్నాడు. పెట్టాను! కాళ్లకు దండం పెడితే "సల్లంగా ఉండు నాయనా" అన్నాను! దండం పెట్టినోన్ని ఏమనాలి మరి?

అప్పుడు వచ్చారు ఇద్దరూ ఒకేసారి. ఆ పక్కనుంచి కీర్తి, ఈ పక్కనుంచి బంగళా వాచ్‌మన్ మునెప్ప.

"ఎవురు చేసింది ఇది?" అని మునెప్ప అరిచాడు. ఇరవై చేతులు నా వైపు చూపించాయి.

"ఎందుకు చేసినావమ్మా? బోర్డు సూడలేదా?"

"చూడలేదా? మొత్తం చదివినా నాయనా! వాహనములు నిలపరాదు అని ఉండాది, చెత్త వేయరాదు అని ఉండాది. ముగ్గు వేయరాదని యాడా లేదు."

మునెప్ప బోర్డు దగ్గరికి పోయి పైనుంచి కిందికి చదువుకొని వచ్చాడు.

కీర్తి మాత్రం నా వైపు చూడలేదు. గవిని వైపే చూస్తా ఉంది. కళ్లల్లో నీళ్లు. "ఏదీ ముట్టుకోవద్దని చెప్పినా కదా అవ్వా... ఇంక ఇది ఉండేది ఉండేట్టు యాడుంది? నా పేరు పోయింది."

అప్పుడు సిగ్గేసింది నాకు. గబగబా కొంగు తీసి ముగ్గు తుడవబోయాను. పూలామె నా చేయి పట్టుకుంది. "అయ్యో, తుడిపితే పాపం!"

కీర్తి ఎండ ఎంత దూరం వచ్చిందో పోల్చుకోవడానికి సార్ పంపిన అసలు ఫొటో ఫోన్లో తెరిచింది. వేళ్లతో పెద్దది చేసింది. ఇంకా పెద్దది చేసింది. ఫోను నా చేతికిచ్చింది.

జిరాక్స్ మరక కాదు అది. ఏడు చుక్కలు. చుట్టూ తీగ. ఎడమ పక్క తీగ మొన కొంచెం వంకర. మా అమ్మకు ఎడమ వైపు చేయి సాగేది కాదు, అక్కడ ఎప్పుడూ వంకరే. బండ మీద నాది చూసుకున్నాను. నా చేయి బాగానే సాగుతుంది, అయినా అక్కడ వంకరే! వేసింది మా అమ్మో, ఇంకొకరో, ఎవరు చెప్పొచ్చారు. నేను మాత్రం తుడవబోయిన కొంగు మళ్లీ నడుముకు దోపుకున్నాను.

"వాచ్‌మన్ మామా, అందర్నీ రొంత జరగమను!" అని కీర్తి గట్టిగా అరిచింది. ఎండ గవిని మీదినుంచి జారిపోతా ఉంది. మునెప్ప రెండు చేతులూ చాపి "జరగండప్పా, జరగండమ్మా" అని అందర్నీ వెనక్కి తోశాడు. పూలు మాత్రం తీయనివ్వలేదు ఎవరూ. క్లిక్ క్లిక్ అని నాలుగు తీసింది. ఐదు కొట్టక ముందే పంపేసింది. సార్ దగ్గరినుంచి బొటనవేలు బొమ్మ వచ్చింది. "అప్పటికీ ఇప్పటికీ తేడా ఆ మూరెడు పూలే అవ్వా" అని నా భుజం మీద వాలిపోయింది.

బస్సు ఎక్కి కూచున్నాం. హమ్మయ్య, ఎవరికీ కనిపించకుండా ఇల్లు చేరితే చాలనుకున్నాను. బస్సు కదిలింది. కిటికీ పక్కన ఎవరో పరిగెత్తుకొస్తున్నారు. మునెప్ప! ఒక చేతిలో టెంకాయ చిప్ప, ఇంకో చేత్తో బస్సును కొడుతున్నాడు. ఇంక పోలీసులేమోనని కొంగు ముఖానికి అడ్డం పెట్టుకున్నాను.

చిప్ప నా ఒళ్లో పడేసి, రొప్పుతా అడిగాడు:

"అవ్వా, రేపు శుక్రవారం. జనం అడుగుతాండారు, ఎన్ని గంటలకి వస్తావు?"