స్విచ్ బంద్ చేసి చూసిన సుగుణక్క

చేవెళ్ల దారిలో కారు అద్దం దించితే పచ్చి జొన్నచొప్ప కోసిన వాసన వస్తుంది. మొయినాబాద్‌లో నాకు మొదటి ఉద్యోగమిచ్చిన సుగుణక్క గుర్తొస్తారు. ఆదివారం చర్చి, మిగతా ఆరు రోజులూ రేకుల షెడ్డు. పశువుల మేతకు చొప్పను ముక్కలు చేసే బ్యాటరీ యంత్రాలు చేసేవారు. ఆమె చదివింది పదో తరగతే. నేనేమో ఇంజనీరింగ్ పట్టాతో, కాస్త పొగరుతో వెళ్లాను.

మొదటి యంత్రానికి సర్క్యూట్ నేనే గీశాను. బ్యాటరీ ప్లస్ నేరుగా మోటారుకు. మోటారు దాటాక మాస్‌ఫెట్, అంటే ఎలక్ట్రానిక్ స్విచ్. అక్కడి నుంచి మైనస్‌కు. యంత్రపు ఇనుప చట్రమూ మైనస్‌కే కలిసి ఉంటుంది. చవక, తేలిక, వేడెక్కదు. అక్క ఊళ్లో లేని రోజున దాన్ని సురంగల్‌లోని బాలమణి అనే రైతుకు పంపేశాను.

అందరూ స్విచ్ వేసి పరీక్షిస్తారు, సుగుణక్క బంద్ చేసి పరీక్షించేవారు. తిరిగొచ్చాక రెండో యంత్రాన్ని బంద్ చేసి, బ్లేడుకు చొప్పకట్ట అందించి, మోటారు నుంచి స్విచ్‌కు వచ్చే తీగను చాకుతో గీకి చట్రానికి ఆనించారు. బ్లేడు గిర్రున తిరిగింది. చొప్ప ముక్కలు నా చొక్కా మీద పడ్డాయి.

“స్విచ్ బందే ఉన్నది కద బిడ్డా. మరెట్ల తిరిగింది?”

“మోటారుకు మైనస్ స్విచ్ దాటకుండానే చట్రం ఇనుములోంచి దొరికిందక్కా...”

“చొప్ప ఇరికితే బంద్ చేసి చెయ్యే పెడ్తరు. సురంగల్‌ల ఉన్నదాని సంగతేంది?”

ఫోన్ చేస్తే బాలమణి ఎత్తలేదు. ఇద్దరం స్కూటర్ మీద హుటాహుటిన వెళ్లేసరికి ఆమె బ్లేడులో ఇరికిన చొప్పను వేళ్లతో లాగుతోంది.

“బాలమణీ, చెయ్యి తియ్!” గేటు దగ్గరి నుంచే అరిచారు సుగుణక్క.

“బందే చేసిన అక్కా, ఫికర్ లేదు,” అని నవ్విందామె.

బ్యాటరీ ఊడదీసి చూశాను. చట్రం అంచుకు రాసుకుని తీగ తొడుగు సగం అరిగిపోయింది. రాగి ఇంకా బయటపడలేదు, అంతే. సిగ్గుతో చచ్చిపోయాను. అక్క తిట్టలేదు. తిడితే బాగుండుననిపించింది.

మర్నాడు స్విచ్‌ను ప్లస్ వైపు, మోటారుకు ముందు పెట్టాను. ఇప్పుడు బంద్ చేసి ఉంటే తీగ చట్రానికి తగిలినా మోటారు కదలదు. నడుస్తుండగా తగిలితే ఫ్యూజు పోతుంది. అయితే అక్కడ పెట్టిన ఆ మాస్‌ఫెట్‌ను ఆన్ చేసే గేటు అనే కాలికి బ్యాటరీని మించిన వోల్టేజీ ఇవ్వాలి. ఆ సంగతి మరచి రెండు మాస్‌ఫెట్‌లను కాల్చేశాను.

“కాలనియ్ బిడ్డా,” అన్నారు సుగుణక్క. “అవి మళ్ల దొరుకుతయ్.”

ఆమె ఇప్పుడు లేరు. నేను ఇలాంటి యంత్రాలకు సర్క్యూట్లు గీసే బతుకుతున్నాను. కొత్త బోర్డు తయారైన రోజున అందరూ స్విచ్ వేయడానికి ముందుకొస్తారు. నేను ఆగమంటాను. చేవెళ్ల దారిలో కొన్న చొప్పకట్ట తీసి, బంద్‌లో ఉన్న యంత్రం నోట్లో పెట్టి, మోటారు తీగను చట్రానికి ఆనిస్తాను. ఆఫీసులో నవ్వుతారు. బాలమణి కూడా అలాగే నవ్వింది, వేళ్లు బ్లేడులోనే ఉంచి.