పార్కులో పోసిన చెరువు మట్టి

"మల్లె కత్తిరించావా?" అన్నారు.

"కత్తిరించానండి," అన్నాను.

మా ఆయనకీ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు ఇవే. ఏలూరు ఆసుపత్రిలో, సాయంత్రం పూట, కిటికీ పక్క మంచం మీద. నేను కత్తిరించలేదు. మాఘమాసం వచ్చేసింది. మల్లెపొద ఆకు దూసి కొమ్మ కత్తిరించాల్సిన రోజులు దాటిపోతున్నాయి. ఆ మంచం వదిలి నేను ఇంటికి వెళ్ళిందెప్పుడు? ఆయన మనసు నిమ్మళంగా ఉండాలని అబద్ధమాడాను. సరేనన్నట్టు కళ్ళు మూసుకున్నారు. మళ్ళీ తెరవలేదు. సమాధి చేసి వచ్చిన నాలుగో రోజున కత్తెర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. చుట్టాలు ఇంకా ఇంట్లోనే ఉన్నారు. "ఇప్పుడే కావాల్సొచ్చిందా నీకిది?" అంది మా ఆడపడుచు. అవును, ఇప్పుడే కావాల్సొచ్చింది. ఆ ఏడు పూసినట్టు ఆ పొద ఎప్పుడూ పుయ్యలేదు.

నేను చెబుతుంటే ఇది రాస్తున్నది ఆ ఆడపడుచు కూతురే. నాకు కూతురు లాంటిదే, మా అమ్మాయి అనే అంటాను. గణపవరంలో చిన్నపిల్లలకి పాఠాలు చెబుతుంది. నేను బస్సు బోర్డు కూడబలుక్కుని చదవగలను, సంతకం పెట్టగలను. అంతకు మించి నాకు చదువు అబ్బలేదు. మాది మండవల్లి దగ్గర, కొల్లేటి ఒడ్డున ఊరు. మా ఆయన బడిలో అటెండరు. హెడ్మాస్టరుగారు కూడా పై ఆఫీసుకు కాగితం రాయాలంటే ఆయన్నే పిలిచేవారు, అంత బాగుండేది చేతిరాత.

తోటల పత్రిక ఒకటి నెలనెలా వచ్చేది. పెరటి మొక్కలు పెంచేవాళ్ళు తమ అనుభవం రాసే పేజీ ఒకటి అందులో ఉండేది. ఆ పేజీకి ఏళ్ళ తరబడి రాశాం. చెప్పేది నేను, రాసేది ఆయన. చామంతికి తల ఎప్పుడు తుంచాలి, నీటిచుక్క తగలగానే టప్పున పగిలిపోయే కనకాంబరం కాయల్లోంచి విత్తనం ఎలా పట్టుకోవాలి, కొల్లేటి గుర్రపుడెక్కని ఎలా మాగబెడితే ఎరువవుతుంది, ఇలాంటివి. పేరు ఆయనదే పడేది. నాకు ఏమీ అనిపించలేదంటే నమ్మకండి. అయినా పత్రిక వచ్చిన రోజు ఆయన ఆ పేజీ తీసి చూపిస్తే, పేరు మీద వేలు పెట్టి చూసుకుని, నవ్వుకుని, మళ్ళీ పనిలో పడేదాన్ని.

ఆయన పోయిన ఏడే, నవంబరులో, సమాధుల పండుగకి మా బంతిపూలన్నీ అమ్ముడైపోయాక, ఆయన పేరు మీద ఒక కార్డు వచ్చింది. చుట్టుపక్కల జిల్లాల నుంచి ఆ పత్రికకి రాసేవాళ్ళంతా ఒక ఆదివారం ఏలూరులో కలుస్తారట. ఊళ్ళో ఉన్న పార్కులన్నీ తిరిగి చూస్తారట. మా అమ్మాయే చదివి చెప్పింది.

"మావయ్య లేరని రాసి పంపేద్దామా అత్తా?"

"ఎందుకు? నేనున్నాను కదా. నేనే వెళ్తాను."

నాకు కావాల్సింది ఒక్కటే. ఆ పేజీలో మా మాట ఆగిపోకూడదు. పది నెలలుగా ఆగిపోయే ఉంది. పెరట్లో పని నడుస్తూనే ఉంది, చెప్పాల్సిన సంగతులు పోగవుతున్నాయి. నా మాట రాసుకోవడానికి వాళ్ళు ఒప్పుకుంటారో లేదో తేల్చుకుందామని బయల్దేరాను.

బస్సులో మా అమ్మాయి నా సంచి తడిమి చూసి, "కత్తెర ఎందుకత్తా? పార్కులో మొక్కలు కత్తిరిస్తుంటే పట్టుకుంటారు," అంది.

"పట్టుకుంటే రచయిత్రినని చెప్పు."

"సంతకం పెట్టమంటారు."

"అది వచ్చులేవే!" అన్నాను. ముందు సీటాయన కూడా నవ్వాడు.

మొదటి పార్కు గేటు దగ్గర ఓ పాతికమంది చేరారు. టోపీలు, నోటుపుస్తకాలు, మెడలో కెమెరాలు. తాడేపల్లిగూడెం నుంచి వచ్చిన ఒక రిటైరైన మాస్టారు అందరినీ పలకరిస్తున్నారు. పత్రికలో మా పేజీ చూసేది ఆయనే. "వందనాలండి," అన్నాను. మేం ఎవరమో, మా ఆయన పోయిన సంగతీ మా అమ్మాయి చెప్పింది.

"అయ్యో, మీవారి సంగతి ఇప్పుడే వింటున్నామమ్మా. ఆయన కనకాంబరం గురించి రాసింది చూసే మా ఇంట్లో మడి కట్టాం."

"రాసింది ఆయనండి. చెప్పింది నేను."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. "అలాగాండీ," అన్నారు. ఆయన నమ్మారో లేదో నాకు తెలియలేదు. పక్కన ఏలూరులోనే మేడ మీద తోట పెంచే ఒకావిడ ఉంది. ఆవిడ మాత్రం ఊరుకోలేదు.

"మరి ఇన్నాళ్ళూ మీ పేరు వెయ్యలేదేంటండీ?"

"ఇంటిపేరు ఒకటే కదండీ, సరిపెట్టుకున్నాను," అన్నాను. ఆవిడ గట్టిగా నవ్వింది. అప్పటినుంచి నా పక్కనే నడిచింది.

ఇకమీదట నేను చెప్పింది మా అమ్మాయి రాసి పంపితే వేస్తారా అని అడిగాను. మాస్టారు తల గోక్కున్నారు. "వేరే చెయ్యి రాస్తే మాట మారిపోతుందేమోనమ్మా. సాయంత్రం మాట్లాడుకుందాం లెండి," అన్నారు. ఆ సాయంత్రం ఎప్పుడవుతుందా అని చూస్తూ తిరిగాను. మొదటి పార్కు బాగుంది. క్రోటన్సు దగ్గర ఒకే మొక్కకి ముగ్గురు మూడు పేర్లు చెప్పి పోట్లాడుకున్నారు. నోటుపుస్తకాలు తీసి మూడూ రాసుకున్నారు.

అక్కడి నుంచి ఆటోల్లో రెండో పార్కుకి వెళ్ళాం. లోపలికి అడుగు పెట్టగానే నవ్వులు ఆగిపోయాయి. గోడ పొడుగునా వేసిన మందారాలు, నందివర్ధనాలు, ఆకుల అంచులు మాడిపోయి, సగం రాలిపోయి నిలబడి ఉన్నాయి. ఆ చివరన కాగితంపూల తీగ ఒక్కటే తనకేం పట్టనట్టు ఎర్రగా పూసింది. తెగులన్నారొకరు. వేరుపురుగన్నారొకరు. నీళ్ళెక్కువయ్యాయని మేడ మీద తోటావిడ అంది. తోటమాలి చేతులు కట్టుకుని వింటున్నాడు. నలభై ఏళ్ళుంటాయి అతనికి.

"తెగులు కాదండి," అన్నాడు చివరికి. "మీ పత్రికలో చూసే పోశానండి, చెరువు మట్టి."

జేబులోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. అందులో పత్రికలోంచి కత్తిరించిన కాగితం. నాకు చదవడం అంతగా రాకపోయినా, కింద ఉన్న పేరు ఎవరిదో చూడగానే తెలిసింది. ఎన్నిసార్లు వేలు పెట్టి చూసుకున్న పేరు!

"ఆఫీసరుగారు ఎవరు పొయ్యమన్నారని అడిగారండి. ఇది చూపించాను. కాగితం మీద ఎవడైనా రాస్తాడు, నీ బుద్ధేమయిందన్నారండి. వచ్చే నెల నుంచి నన్ను తోట నుంచి తీసేసి చెత్తబండికి మారుస్తారంట."

మా అమ్మాయి కాగితం తీసుకుని పైకి చదివింది. చేపల చెరువు అడుగున పేరిన నల్లమట్టిని మించిన బలం లేదని, మొక్క మొదట్లో జానెడు మందాన పోస్తే ఏడాది పొడుగునా మరో ఎరువు అక్కర్లేదని ఉంది. ఆ తరువాత మా ఆయన పేరు, ఊరు.

"ఆపావేం? చదువు," అన్నాను.

"అంతే అత్తా. అయిపోయింది."

కాగితం లాక్కుని చూశాను. పేరు కింద ఇంకేమీ లేదు.

కొల్లేటిలో సర్కారువాళ్ళు చేపల చెరువుల గట్లు కొట్టేసిన ఏడాది సంగతి అది. చెరువులు ఎండిపోయి, ఆ నల్లమట్టి ట్రాక్టర్ల మీద ఎవరికి కావాలంటే వాళ్ళు తోలుకుపోతున్నారు. బలమైన మట్టే. కానీ మా వైపు చెరువులకి తోడే బోరునీళ్ళు ఉప్పు. చెరువు ఎండేకొద్దీ ఆ ఉప్పంతా మట్టిలోనే కూర్చుంటుంది. అందుకని ఒక వానాకాలం దాన్ని బయట తడవనివ్వాలి. రెండు మూడుసార్లు తిరగెయ్యాలి. అప్పుడు ఎర్రమట్టి కలిపి, అప్పుడు మొక్క దగ్గరికి తేవాలి. మా ఒడ్డున ఏ ఆడమనిషిని అడిగినా చెబుతుంది. నేనూ చెప్పాను. చెప్పడమైతే చెప్పాను!

ఆయన ఎప్పుడూ ఒక్క ఇన్లాండు లెటరులోనే రాసేవారు. ఎంత చెప్పినా అందులోనే ఇమిడ్చేవారు. అదో పట్టుదల. ఆ రోజు నేను నూతి దగ్గర చేపలు తోముతూ చెబుతున్నాను. మట్టి గొప్పతనం ముందు చెప్పాను, వాన సంగతి తరవాత చెప్పాను. బడి గంటకి ముందే పోస్టుడబ్బాలో వెయ్యాలని ఆయన తొందర. నేను ఇంకా వాన గురించి చెబుతుండగానే ఆయన నాలికతో అంచు తడిపి అంటించడం చూశాను. కళ్ళారా చూశాను. చెప్పినదంతా రాసే అంటిస్తున్నారు అనుకున్నాను. ఏదీ ఓసారి చదవండి అని ఆ రోజే కాదు, ఇన్నేళ్ళలో ఏ రోజూ అడగలేదు. చెప్పిందాన్ని నేనే కదా, మళ్ళీ వినేదేముంది అనుకునేదాన్ని.

మాస్టారు నా ముఖం చూసినట్టున్నారు. "అచ్చులో పోయి ఉంటుందమ్మా. చోటు చాలకపోతే చివరి వాక్యాలు కొయ్యడం మామూలే," అన్నారు మెల్లిగా.

మంచి మనిషి. నాకు తప్పుకునే దారి చూపించారు. అవునండి అంటే చాలు, మా ఆయన పేరు నిలబడుతుంది, సాయంత్రం నా పేజీ నాకు దక్కుతుంది. అక్కడ తోటమాలి ఆ ఖాళీ కవరు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నమ్మి చేసినవాడు అతను.

"అచ్చులో పోలేదండి," అన్నాను. నా గొంతు మామూలుగానే బొంగురు. అప్పుడు మరీ పెద్దగా వచ్చింది. "మా కాగితంలోనే లేదు. ఒక వానాకాలం తడవాలని నేను చెప్పాను, మా ఆయన రాయలేదు. రాశారా అని నేను అడగలేదు. ఇందులో ఈ బాబు తప్పు ఏమీ లేదు."

పోయినవాణ్ణి పదిమందిలో తప్పుపట్టాను. మడిలోకి దిగి కూర్చున్నాను. చెయ్యి లోపలికి పెట్టి మట్టి తీశాను. వాసన చూశాను. కాస్త నాలిక మీద పెట్టుకున్నాను.

"అయ్యో, మున్సిపాలిటీ మట్టండీ!" అంది మేడ మీద తోటావిడ.

"ఉప్పే," అన్నాను ఉమ్మేసి.

ఒక మందారం కాండాన్ని మొదట్లో గోటితో గీకాను. లోపల పచ్చగా ఉంది. ఇంకోటి గీకాను. అదీ పచ్చే. పక్కన నందివర్ధనం మాత్రం ఎండిపోయింది. "బతికే ఉన్నాయండి! చాలా మటుకు బతికే ఉన్నాయి," అన్నాను. ఆ మాటతో అందరూ కదిలారు. టోపీలవాళ్ళు, కెమెరాలవాళ్ళు, తెల్ల ప్యాంటు వేసుకున్న పెద్దాయనతో సహా, మోకాళ్ళ మీద కూర్చుని తలొక మొక్కా గోటితో గీకడం మొదలుపెట్టారు. "ఇది పచ్చండీ!" అంటే, "ఇక్కడా పచ్చేనండోయ్!" అని ఆ చివరి నుంచి కేక.

తోటమాలికి చెప్పాను. పైన పోసిన నల్లమట్టి మొత్తం ఎత్తి ఓ మూల గుట్ట పెట్టు, పారెయ్యకు, వచ్చే వానలకి అది బంగారమవుతుంది. మడి చుట్టూ చిన్న కాలవ తియ్యి. నిండా నీళ్ళు కట్టు, ఇంకి కాలవలోకి పోనీ. అలా మూడుసార్లు. ఆ తరువాత ద్వారకా తిరుమల వైపు ఎర్రమట్టి తెప్పించి సర్దు. మాడిన కొమ్మలు కత్తిరించు. కత్తెర నా సంచిలో ఉంది, మొదటి మొక్క నేనే కత్తిరించి చూపించాను.

"ఆఫీసరుగారు ఒప్పుకోవాలి కదండీ," అన్నాడతను.

"నేను వచ్చి మాట్లాడతాను, తప్పు పత్రికదని చెబుతాను," అన్నారు మాస్టారు.

"పత్రికది కాదండీ, మాది."

"మీది మా పేజీలోనే వచ్చింది కదమ్మా," అన్నారాయన.

సాయంత్రం అక్కడే సిమెంటు బెంచీల మీద కూర్చుని టీ తాగాం. నేను పేజీ మాట ఎత్తలేదు. ఎత్తే ముఖం లేదనుకున్నాను. మాస్టారే ఎత్తారు.

"వచ్చే నెల ఈ చెరువు మట్టి సంగతి మొత్తం చెప్పండమ్మా. మీ పేరుతోనే వేస్తాం. ఎవరు రాసినా ఫరవాలేదు. ఒక్క షరతు. రిజిస్ట్రారు ఆఫీసులో దస్తావేజు ఉంటుంది చూశారా, చదివి వినిపించగా విని సంతకం చేశానని? అలా మీరు మొత్తం విని, కింద సంతకం పెట్టాకే నాకు పంపాలి."

"నేను రాస్తానండి," అంది మా అమ్మాయి. "ఇన్లాండు లెటరు మీద మాత్రం రాయను."

మాఘంలో ఒకసారి వెళ్ళి చూసొచ్చాను. నందివర్ధనాలు సగం పోయాయి. మందారాలు మాత్రం కొత్త చిగురు వేశాయి, ఒకదానికి మొగ్గ కూడా ఉంది. తోటమాలిని చెత్తబండికి మార్చలేదు. అతని కవరులో ఇప్పుడు రెండు కాగితాలున్నాయి. రెండోదాని కింద ఉన్న పేరు నాది. ఈసారి వేలు పెట్టి, అక్షరం అక్షరం కూడబలుక్కున్నాను.

ఇన్నాళ్ళూ పేజీకి మొక్కల సంగతులే పంపాం. ఆ రోజు ఏం జరిగిందో కూడా మొదటినుంచీ చెప్పమని మాస్టారు అడిగితే ఇంతా చెప్పాను. చెప్పడం అయింది. అమ్మాయ్, కలం పక్కన పెట్టు. మీ మావయ్య గురించి నేనన్న మాట ఒక్కటి మెత్తబరిచినా ఊరుకోను, ముందే చెబుతున్నాను. ఏదీ, మొదటినుంచి చదువు. నెమ్మదిగా చదువు, నేను వింటున్నాను.