బెల్టు ముక్కతో ఇంజను రిపేరు

ఆ రోజుల్లో నాకు రాని పని లేదు. ఐటీఐ పూర్తిచేసి గనిలో ఫిట్టర్‌గా చేరి నిండా ఆరు నెలలు కాలేదు గాని, చేతిలో పానా ఉంటే ఏ మిషనైనా నా ముందు చేతులు కట్టుకుని నిలబడుతుందనుకునేవాణ్ని. (ఇప్పుడు ఇంట్లో మిక్సీ ఆగినా మనిషిని పిలుస్తాను.) ఆ గర్వం మా నాయిన రిటైరైన రోజున దిగింది.

మా గోదావరిఖనిలో కార్మికుడు ఉద్యోగం దిగిపోయే రోజున దండలు వేసి, డప్పులతో కారులో ఇంటికి తీసుకొస్తారు. ఉద్యోగమంతా సైకిల్ మీదే డ్యూటీకి వెళ్లిన నాయినకు అదొక్కటే కోరిక. "ఆఖరి దినమన్న కారుల ముందట కూసోని రావాలెరా" అని నెల ముందు నుంచే అంటున్నాడు. కారు మా మేనమామది. పాత డీజిలు బండి. ఇంజను అడుగున ఆయిల్ చాంబర్ దగ్గర కారుతూ, ఎక్కడ నిలిపితే అక్కడ నల్లటి మడుగు కట్టేది. మా వీధి మెకానిక్ చాచా, "ఆయిల్ కారకుంట నడుమ పెట్టే కార్క్ ప్యాకింగ్ తెప్పియ్యాలె, రెండు దినాలు ఆగుండ్రి" అన్నాడు. నేను ఆగితేగా! "ఫికర్ చెయ్యకు మామా, గంటల అయిపోతది" అన్నాను.

మా దగ్గర, గనిలో బొగ్గు మోసి అరిగిపోయిన కన్వేయర్ బెల్టు ముక్క లేని ఇల్లుండదు. గడప ముందు కాళ్లు తుడుచుకునేది అదే, చెప్పుల అడుగూ అదే. ఇంజనుకు మాత్రం ఎందుకు పనికిరాదు? చాంబర్ విప్పి, బెల్టు మీది రబ్బరు పొర ఒలిచి, ప్యాకింగ్‌గా కోసి, బోల్టులన్నీ కసిదీరా బిగించాను. కొత్త ఆయిల్ పోసి, కింద పాత పేపరు పరిచి పూటంతా చూశాం. ఒక్క చుక్క లేదు. మామ నా వీపు తట్టాడు. (బండి చల్లగా ఉండగా చూశామన్న సంగతి ఇద్దరికీ తోచలేదు.)

మర్నాడు గని గేటు నుంచి ఊరేగింపు బయల్దేరింది. నాయిన ముందు సీట్లో, మెడ నిండా బంతిపూలు. డప్పుల వెనక నడక వేగంతో పోయేసరికి ఇంజను బాగా కాగింది. చౌరస్తా దాటగానే, వేడి ఆయిల్‌కు మెత్తబడ్డ నా రబ్బరు బయటికి ఊడి వేలాడింది. ఆయిలంతా రోడ్డు పాలైంది. మామ ఇంజను ఆపేసి నా వంక చూశాడు. "ఆయిల్ లేకుంట ఇగ స్టార్టు చేస్తే ఇంజను పట్టేస్తది అల్లుడా" అన్నాడు. డప్పులు ఆగిపోయాయి. భూమి చీలితే అందులోకి దిగిపోదామనిపించింది. (గనివాడికి అది కొత్త పనేం కాదు.) నాయిన ముఖం చూసే ధైర్యం లేక బండి వెనక్కి నక్కాను.

నాయిన దిగబోతే ఆయన షిఫ్టువాళ్లు దిగనివ్వలేదు. "నువ్వు కూసో కాకా" అంటూ పది మంది బండి వెనక చేతులేసి నెట్టసాగారు. వాళ్లలో నేనూ ఒకణ్ని. డప్పులు మళ్లీ మోగాయి. నాయిన కిటికీలోంచి తల బయటపెట్టి, "ముప్పై ఏండ్లు పట్టాల మీద బొగ్గు టబ్బులు నూకిన. ఇయ్యాల నన్నే టబ్బుల కూసోవెట్టి నూకుతున్నరు గదరా! మెల్లగ, పట్టాలు దిగుతది!" అని పకపకా నవ్వాడు. ఆయన అంత సంతోషంగా నవ్వడం నేను అంతకుముందు చూడలేదు. ఇల్లు చేరేదాకా నేను నవ్వుతూనే ఏడ్చాను.

నాకు దిగిపోయే రోజు ఇంకా దూరమే. ఈ మధ్య కొత్త కారు కొన్నాను. ఎంత దూరం పోయినా ఎక్కడా ఆగదు. దిగిపోయే రోజున నన్ను ఎవరూ నూకరేమోనని ఇప్పటి నుంచే కాస్త బెంగగా ఉంది.