ఉడికిన దుంప

నా చిన్నప్పుడు మా దిక్కు చలి ఇప్పటి లెక్క ఉండకపోయేది. సిరికొండ అడవుల నుంచి గాలి తిరిగిందంటే పొద్దెక్కిందాకా గొంగడి ఇడవబుద్ధి కాదు. మనుషులమన్నా మంట కాడ కూసుంటం, అల్లం చెట్టు ఏం చేస్తది పాపం! ఆకు కొసలు పండబారి, కాడలు ఒక్కొక్కటే పక్కకు ఒరిగి, పదిహేను రోజులల్ల మడి మడంతా చచ్చిపోయినట్టే కనబడేది. అది చావలేదని, కింద దుంప పండుకున్నదని, ఎండలు వచ్చేదాకా లేపొద్దని నాకు చెప్పింది మా పెద్దమ్మ.

మా ఊరు బోధన్‌కు దగ్గరే. మా బాపు, వాళ్ళన్న ఒకే వాకిట్ల రెండిండ్లు కట్టుకున్నరు గానీ సామాన్ల కొట్టం మాత్రం ఒక్కటే. కొంత చెరుకు, కొంత పసుపు వేసేవాళ్ళు. పోచంపాడు కాడ డ్యాం కడతరంట అని పెద్దోళ్ళు ముచ్చట పెట్టుకునే రోజులు అవి. నాకు తొమ్మిదేండ్లు ఉంటయేమో.

మా దిక్కు పసుపు పెట్టేనాడు మొదటి దుంపను ఎవరంటే వాళ్ళు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న ఆడామెను బొట్టు పెట్టి పిలుస్తరు. ఆమె మొదటి దుంప పెట్టినంకనే కూలోళ్ళు సాళ్ళల్లకు దిగుతరు. మా ఊర్ల ఆ చెయ్యి మా పెద్దమ్మది. ఆమె పెడితే ఎండిన పుల్లైనా చిగురేస్తదని అనేవాళ్ళు. కొత్త చీర కట్టుకొని, నన్ను ఎంట తీసుకొని, ఎవరి చేనుకు పిలిస్తే ఆ చేనుకు నడిచేది. పసుపు పెట్టే ఆ పదిహేను రోజులు ఆమె మొకంల ఒక కళ ఉండేది, అబ్బ, చూడాలె!

పెద్దమ్మకు ఒక్కతే బిడ్డ. నాకంటే ఏడెనిమిదేండ్లు పెద్దది, మా అక్క. ఒకసారి చక్కెర ఫ్యాక్టరీ క్వార్టర్లకు చుట్టపు చూపుగా పోయినప్పుడు, అక్కడి మాలి ఒక దుంప ముక్క చేతుల పెట్టిండట. చూస్తే అచ్చం అల్లమే. కూరల వేసుకునేది కాదు, పూల కోసం పెంచేది. దోలన్ చంపా అంటరని ఆ మాలి చెప్పిండట. అక్క దాన్ని జాలాడి పక్కన, తానం చేసిన నీళ్ళు పారే కాడ, అల్లం మడి అంచుకు పెట్టింది. వానలు నిండంగనే తెల్లటి పూలు, రెక్కలు చాపిన సీతాకోకచిలుకల లెక్క. పొద్దుగూకితే వాకిలంతా వాసన. అక్క ఒక పువ్వు తన జడల, ఒకటి నా జడల పెట్టేది.

ఆ ఏడే అక్కకు కామెర్లు అయినయి. ఆకు పసరు పోసిండ్రు, నిజామాబాద్ దవాఖానకు తీసుకపోయిండ్రు. దక్కలేదు. ఆమె పోయినంక కూడా వారం దినాలు ఆ పూలు పూస్తనే ఉన్నయి. ఎవ్వరం తెంపలేదు.

చలి మొదలై ఆకు పండబారినంక పెద్దమ్మ ఆ దుంపను తానే తవ్వింది. మన్ను దులిపి, రెండు రోజులు నీడకు ఆరబెట్టి, ఒక గంపల పొడి ఇసుక, బూడిద పోసి అందుల దాచింది. అవతల పొయ్యి ఉండే గోడ వెచ్చగుంటదని, గంపను కొట్టంల ఆ గోడకు ఆనించింది. చలి తగలొద్దు, తడి తగలొద్దు, రోహిణి ఎండలకు అదే లేస్తదని చెప్పింది. ఈ గంప ముట్టకు బిడ్డా అని కూడా చెప్పింది. చెప్పలేదని నేను ఎట్లంటా? చెప్పింది.

మాఘమాసంల పసుపు తవ్వి ఉడకబెట్టుడు మొదలైంది. కళ్ళంల పొయ్యి తవ్వి, దాని మీద పెద్ద కడాయి ఎక్కించి, కొమ్ములు పోసి నీళ్ళు నింపుతరు. పుల్ల గుచ్చితే మెత్తగ దిగాలె, అప్పుడు ఉడికినట్టు. పిల్లలకు అది జాతరే. ఆఖరి కడాయి కొద్దిగ వెలితి పడ్డది. కొట్టంల గోడ పొంటి ఒక గంప మిగిలిందని, ఉరికి తెమ్మని బాపు నన్ను పంపిండు. గోడ పొంటి రెండు గంపలున్నయి. ఉరుకులాటల పెద్దమ్మ మాట యాదికి రాలేదు, నేను చిన్నది ఎత్తుకున్న. పైన బూడిద, ఇసుక ఉంటే కొట్టంలనే దులిపేసిన, అడ్డంగ వంచి కడాయిల పోసిన. నా తెలివి తెల్లారిపోను!

ఆవిరి లేచినంక తెలిసింది. పసుపు వాసన నడుమ ఇంకో వాసన, ఘాటుగ, కర్పూరం లెక్క. అక్క దుంప అది! అప్పుడే చెప్తే తీసేటోళ్ళేమో. బుగులు పట్టి, పొయ్యిలకు పుల్లలు ఎగదోసుకుంట కూసున్న. ఉడికినంక కళ్ళంల ఆరబోస్తే, అందరూ సద్ది తినుడుల ఉన్నప్పుడు వెతికి వెతికి ఆ ముక్కలను ఏరుకున్న. పసుపు రంగు పోయేదాకా బూడిదతో రుద్ది, మళ్ళ అదే గంపల, అదే ఇసుకల పెట్టిన. ఎవ్వరూ చూడలేదనుకున్న.

రోహిణిల పెద్దమ్మ గంప తీసింది. దుంపను చేతుల అటిటు తిప్పింది, గోరుతో గిల్లింది, కొద్దిసేపు ఊకె పట్టుకొని కూసుంది. ఇక పట్టుబడ్డ అనుకున్న. ఆమె లేచి జాలాడి కాడ గుంత తీసి పెట్టింది. పక్క మడిల అల్లం ముక్కలు కూడా పెట్టింది. ఆ దినం నుంచి రోజూ పొద్దున గుంతల నీళ్ళు పోసుడు ఆమె పని, గోలెంల ముంచి చెంబు అందిచ్చుడు నా పని. ఉడికింది మొలవదని నాకు ఎరుకే. పసుపు పండించే ఇంట్ల పుట్టినదాన్ని, ఎట్ల తెలవదు? అయినా రోజూ చెంబు అందిచ్చిన.

మృగశిర వెళ్ళేసరికి అల్లం జానెడు లేచింది. దాని పక్క గుంత నున్నగ, తడిగ, బోసిగనే ఉన్నది. అప్పుడే ఒకనాడు పొద్దున వెనుకింటి అత్త వచ్చింది. వాళ్ళ చేన్ల పసుపు పెట్టే రోజులు. ఏటా మొదటి దుంపకు పెద్దమ్మనే పిలిచేటోళ్ళు. ఆమె జాలాడి గట్టు మీద కూసుండి, ఆ గుంత దిక్కే చూసింది.

"ఏందక్కా, నీ బిడ్డ పెట్టిన పూలచెట్టు రాలేదా? నీ చేతితోనే పెట్టినవా?"

"నా చేతితోనే పెట్టిన" అన్నది పెద్దమ్మ.

అత్త చాయ్ తాగింది, వానల ముచ్చట పెట్టింది, వచ్చిన పని చెప్పకుండనే లేచి పోయింది. ఆమె కొంగు కొసకు కుంకుమ పొట్లం ముడేసి ఉండె. నేను చూసిన. పెద్దమ్మ కూడా చూసింది. నేను చెంబు పట్టుకొని అక్కడనే నిలబడ్డ. ఒక్క మాట అంటే అయిపోతుండె. అనలేదు.

తెల్లారి వాళ్ళ చేన్ల మొదటి దుంప ఇంకొకామె పెట్టింది. బిడ్డ పోయినంక పెద్దమ్మ చెయ్యి అచ్చిరాదని ఊర్ల మెల్లగ అనుకుంటున్న మాట, ఇక బాహాటమైంది. నేను పెద్దమ్మ ఒళ్ళె పడి, కడాయి సంగతంతా ఏడ్చుకుంట చెప్పేసిన. ఆమె నా వీపు నిమిరింది.

"పెట్టిననాడే ఎరుక బిడ్డా. ఇన్నేండ్ల సంది పసుపు ఉడకబెడుతున్న. ఉడికింది గోరుకు తెలవదా?"

మరి ఎందుకు పెట్టినవని అడిగిన. పారేయ చెయ్యి రాలేదన్నది. నీళ్ళు పోస్తాంటే అక్కతోని ముచ్చట పెట్టినట్టు ఉండెనన్నది. అత్తకు ఎందుకు చెప్పలేదంటే నా చెయ్యి తన చేతులకు తీసుకుంది.

"చెప్తే నీ పేరు చెప్పాలె. నా చేతికి ఎట్లాగు పేరు పోయింది. నీది చిన్న చెయ్యి. ఇప్పుడే దానికి పేరు పోవద్దు."

ఎవ్వరికీ చెప్పనని నాతోని ఒట్టు వేయించుకుంది. తర్వాత అల్లం మడిల నుంచి మొలక ఉన్న ముక్క ఒకటి తీసి, ఆ గుంతల నాతోనే పెట్టించింది. అది గుబురుగ ఎదిగింది. వచ్చినోళ్ళకు పోయినోళ్ళకు, ఇది మా పిల్ల చెయ్యి అని చూపిచ్చేది. ఆమె ఇంకా పన్నెండేండ్లు బతికింది. ఏ చేనుకూ ఆమెను మళ్ళ పిలవలేదు. ఏటా పసుపు పెట్టే ఆ పదిహేను రోజులూ ఇంట్లనే కూసుండేది, కొత్త చీర పెట్టెలనే ఉండేది. అది చూసుకుంట నేను ఒట్టు పట్టుకొని ఉన్న.

నన్ను బాల్కొండ దిక్కు ఇచ్చిండ్రు. చెయ్యి మంచిదని ఇక్కడ నాకు పేరొచ్చింది. ఏటా బొట్టు పెట్టి పిలుస్తరు. మోకాళ్ళు వంగకున్నా పోత. దుంప చేతుల పట్టుకొని, ఇది నా చెయ్యి కాదమ్మా, మా పెద్దమ్మది అని ముందుగాల్ల చెప్పి, కడాయి సంగతి మొత్తం చెప్పినంకనే మట్టిల పెడత. ఒట్టు తప్పిన, తప్పితే తప్పిన. ఆడోళ్ళు నిలబడి వింటరు, కొందరు కండ్లు తుడుచుకుంటరు. కానీ వాళ్ళెవరూ ఆమెను చూసినోళ్ళు కాదు. మా ఊర్ల ఈ మాట వినాల్సినోళ్ళు ఒక్కరూ మిగల్లేదు.