జవాబు రాని మనవి

పట్నంలోని సర్కారు దవాఖానలో ప్రభుదాసు వార్డుబాయ్. తల సగం నెరిసినా ఆ కొలువుకు అదే పేరు. స్ట్రెచర్లు తొయ్యడం, పక్కలు మార్చడం, లేవలేనివాళ్ళ ఒళ్ళు తుడవడం, ప్రాణం పోయినవాళ్ళను శుభ్రం చేసి దుప్పటి కప్పడం అతని పని. పెళ్ళయిన కొత్తలో నల్లగొండ వైపు పల్లె నుంచి భార్య ఎలీశమ్మను వెంటబెట్టుకుని వచ్చి దిల్‌సుఖ్‌నగర్ వెనకాల ఒక కిరాయి గదిలో దిగాడు. అప్పట్లో అక్కడ ఇళ్ళు పలచగా ఉండేవి. మెట్ట చెలకలు, ద్రాక్షతోటలు, వాటి మధ్య నుంచి విజయవాడ పోయే రోడ్డు.

ఆదివారం అతనికి ఇంకో పని ఉండేది. కర్మన్‌ఘాట్ బాటలో రేకుల కప్పు వేసిన పొడుగాటి గదొకటి ఆ చుట్టుపక్కల క్రైస్తవులకు చర్చి. పాస్టరు తీతు అయ్యగారికి అలాంటి చర్చిలు ఇంకా ఉండడంతో వీలైన వారమే సైకిలు మీద వచ్చేవారు. ఆయన రానినాడు గంగాధరరావు వాక్యం చదివేవాడు, ప్రభుదాసు మనవులు చెప్పేవాడు. గంగాధరరావు గుంటూరు నుంచి వచ్చి సర్కారు ఆఫీసులో గుమాస్తాగా కుదిరినవాడు. అతని భార్య వేదవతి బడిలో టీచరు. మిగతావాళ్ళు చాలామంది ప్రభుదాసులాగే తెలంగాణ పల్లెల నుంచి వచ్చి రాయి కొట్టో, మట్టి మోసో, ఇళ్ళల్లో పని చేసో బతికేవాళ్ళు.

మనవులు చెప్పడం పెద్ద విద్యేం కాదు. ఆరాధన మొదలవకముందు గుమ్మం బయట చెప్పులు విప్పేచోటే జనం తమ బాధలు అతని చెవిన వేసేవారు. పిల్లకు జ్వరం తగ్గలేదని, బావి ఎండిందని, మొగుడు తాగుడు మానలేదని. పాటలయ్యాక అతను లేచి కళ్ళు మూసుకునేవాడు. భూమ్యాకాశాలను కలుగజేసిన తండ్రిని, సిలువ మీద ప్రాణం పెట్టి రక్షించిన ప్రభువును స్తుతించి, ఆ తర్వాత ఒక్కొక్కరి బాధా చెప్పేవాడు. ఒక్కో మనవి ముగియగానే గదంతా ఒక్క గొంతుతో, "ప్రభువా, మా మనవి ఆలకించుము" అనేది. ఆ మాట వింటుంటే, వారమంతా మోసిన బరువును ఎవరో వచ్చి ఇంకో పక్క పట్టుకున్నట్టుండేది ప్రభుదాసుకు.

అరవై తొమ్మిదిలో ప్రత్యేక తెలంగాణ కావాలని గొడవ లేచింది. బళ్ళు మూతపడ్డాయి. బస్సులు తగలబడ్డాయి. ఊరేగింపులు, లాఠీలు, ఆ తర్వాత కాల్పులు. ప్రభుదాసు దవాఖానకు నడిచిపోయి నడిచొచ్చేవాడు. కర్ఫ్యూ పెడితే అక్కడే వరండాలో నడుం వాల్చేవాడు. వార్డుకు వచ్చేవాళ్ళలో మీసాలు సరిగా రాని పిల్లలే ఎక్కువ. ఇంటికొచ్చి అన్నం ముందు కూర్చుంటే చెయ్యి కంచం దాకా పోయేది కాదు. ఎలీశమ్మే ముద్ద కలిపి చేతిలో పెట్టేది.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక మధ్యాహ్నం స్ట్రెచర్ మీద వచ్చినవాణ్ణి చూసి ప్రభుదాసు ఆగిపోయాడు. మన్సూరాబాద్ పోచమ్మ చిన్నకొడుకు దానేలు. చర్చిలో పాటలకు కంజిర వాయించేది వాడే. కడుపులో తూటా దిగింది. సాయంత్రానికి పోయాడు. కన్నతల్లికి కబురు చేరేలోపు వాడి ఒంటి మీది రక్తమంతా కడిగి, తల దువ్వి, దుప్పటి కప్పింది ప్రభుదాసే.

ఆ ఆదివారం అయ్యగారు రాలేదు, గొడవ తగ్గేదాకా రాలేకపోయారు. పోచమ్మ, పెద్దకొడుకు భిక్షపతి వచ్చి గోడవార కూర్చున్నారు. ప్యూను ఉద్యోగానికి తిరిగి తిరిగి, ఇక్కడివాళ్ళకు రావలసినవి కోస్తా వాళ్ళు ఎత్తుకుపోతున్నారని భిక్షపతి మొదటినుంచీ కోపంగానే ఉండేవాడు. తమ్ముడు పోయాక ఎవరితోనూ మాట్లాడడం లేదు. ప్రభుదాసు దానేలు తల్లి కోసం, అలా బిడ్డలను పోగొట్టుకున్న తల్లులందరి కోసం మనవి చేశాడు. గది ఏడుస్తూనే జవాబిచ్చింది. అందులో వేదవతి గొంతు కూడా ఉంది.

ఆ తర్వాతి ఆదివారం వేదవతి అతని కోసం గుమ్మం బయటే నిలబడి ఉంది. వాళ్ళింటి మీద రాళ్ళు పడ్డాయట. కిటికీ అద్దాలు పగిలాయి. ఊరికి పొమ్మని తలుపు మీద తారుతో రాశారు. పిల్లలు మంచం కింద తప్ప పడుకోవడం లేదు.

"ప్రభుదాసు గారూ, మా గురించి కూడా ఒక్క మాట చెప్తారా? మీకు ఇబ్బందనుకుంటే వద్దులెండి," అంది.

అతను ఆమె ముఖంలోకి చూడలేకపోయాడు. "చెప్తనమ్మా," అన్నాడు.

జ్వరాలు, బావులు, కొలువులు అన్నీ అయ్యాక ఆ మనవి ఎత్తుకున్నాడు. ఇళ్ళ మీద రాళ్ళు పడి భయంతో బతుకుతున్నవాళ్ళను, గంగాధరరావు కుటుంబాన్ని కాపాడమన్నాడు. అని ఆగాడు.

జవాబు రాలేదు. రోడ్డు మీద పోయే లారీ చప్పుడు వినిపించింది, ఎవరో దగ్గారు. కళ్ళు తెరవడానికి ధైర్యం చాలక ప్రభుదాసు అలాగే నిలబడ్డాడు. చివరికి తనే, "ప్రభువా, మా మనవి ఆలకించుము" అన్నాడు. ఒక్క గొంతుకు ఆ మాట చాలా పెద్దదైపోయింది. భిక్షపతి లేచి బయటికి నడిచాడు. అతని వెనక మగవాళ్ళు సగం మంది వెళ్ళిపోయారు.

ఆరాధన ముగిశాక భిక్షపతి బయట ఎదురుచూస్తున్నాడు.

"పెద్దనాయనా, నా తమ్ముని పేరు చెప్పిన నోటితోనే వాళ్ళ పేరెట్ల చెప్పినవే?"

"నాకు తెల్వది బిడ్డా," అన్నాడు ప్రభుదాసు. "ఆమె అడిగింది."

భిక్షపతి మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు. గంగాధరరావూ రావడం మానేశాడు. వేదవతి మాత్రం పిల్లలను తీసుకొచ్చి తలుపు పక్కన కూర్చునేది. తమ గురించిన మనవికి తానే జవాబు చెప్పుకోవడానికి సిగ్గుపడి తల దించుకునేది. ప్రతి వారం ప్రభుదాసు ఆ మనవి చెప్పాడు, ప్రతి వారం ఒక్కడే జవాబిచ్చుకున్నాడు. ఆ ఒక్కటీ వదిలేయమని సంఘ పెద్దలు మెల్లగా చెప్పి చూశారు. నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు పలకరించడం తగ్గించేసరికి ఎలీశమ్మ కూడా ఒకరోజు అడిగింది.

"గదేదో మనసుల చేసుకోరాదు? అందరి ముంగట ఎందుకు?"

"మనసుల ఏం లేదే," అన్నాడు. "అంత ఖాళీగున్నది."

అబద్ధం కాదది. కొన్నాళ్ళుగా ఇంట్లో మోకాళ్ళ మీద కూర్చుంటే అతనికి ఒక్క మాట రావడం లేదు. సృష్టించినవాడు, రక్షించినవాడు అని చర్చిలో తను పలికే మాటలు తనవిగా అనిపించడం లేదు. అయినా ఆదివారం లేచి నిలబడుతున్నాడు. స్ట్రెచర్ తోసేటప్పుడు దాని మీద ఉన్నది ఎవరని అడగడు గదా, ఇదీ అలాంటిదే అనుకునేవాడు. అలా అనుకున్నంత మాత్రాన అలసట తీరేది కాదు.

పోచమ్మ మానకుండా వచ్చి గోడవార కూర్చునేది. అందరూ ఏదో ఒకటి అన్నారు, ఆమె మాత్రం ఏమీ అనలేదు. అదే అతన్ని ఎక్కువగా తొలిచింది. తొలకరి పడిన ఒక పొద్దున డ్యూటీ దిగి, ఇంటికి పోకుండా మన్సూరాబాద్ దాకా బురదలో నడిచిపోయాడు. ఆమె వాకిట్లో చింతపండు గింజ తీస్తోంది. పీట జరిపి కూర్చోమంది.

"నా బిడ్డ ఏమన్న అన్నడా తమ్మీ?" అని అడిగింది.

"నీళ్ళడిగిండక్కా."

"ఇచ్చినవా?"

"డాక్టరు ఇయ్యొద్దన్నడు. గుడ్డ తడిపి పెదవులకు పెట్టిన. పాణం పొయ్యేదాక పెట్టుకుంటనే ఉన్న."

ఆమె చేతిలోని చింతపండును అలాగే పట్టుకుని కూర్చుంది. "అయితే ఒక్కడే లేడు," అంది. ఇంకేమీ అడగలేదు. ఆ మనవి చెప్పడం తప్పా అని అడుగుదామని వచ్చిన ప్రభుదాసు కూడా ఆ మాట అడగలేదు. లేచి వచ్చేశాడు.

ఆ ఆదివారం వాన జోరుగా ఉంది. రేకుల మీద చినుకుల మోతలో ఎవరి మాటా సరిగా వినపడడం లేదు. రాత్రంతా వార్డులో నిలబడి నేరుగా అక్కడికే వచ్చిన ప్రభుదాసుకు మనవుల మధ్యలో రెండుసార్లు మాట తప్పిపోయింది. చివరి మనవి గంగాధరరావు కుటుంబం గురించి. చెప్పాడు. జవాబు తనే చెప్పుకోవాలి కాబట్టి నోరు తెరిచాడు. గాలి తప్ప మాట రాలేదు. ఈ మాటలన్నీ ఇక్కడితో ఆపేసి ఇంటికి పోయి పడుకుంటే బాగుండుననిపించింది.

"ప్రభువా, మా మనవి ఆలకించుము."

గోడవార నుంచి వచ్చింది ఆ గొంతు. ముసలి గొంతు, బొంగురుపోయి ఉంది. పోచమ్మది. ఆమె వెనక ఇద్దరు ముగ్గురు ముసలమ్మలు అన్నారు, ఎలీశమ్మ అంది. మగవాళ్ళలో ఎవరూ అనలేదు. తలుపు పక్కన వేదవతి ముఖానికి కొంగు అడ్డం పెట్టుకుంది.

వాన తగ్గేదాకా జనం లోపలే ఆగారు. పోచమ్మ ప్రభుదాసు దగ్గరికొచ్చింది.

"నేను ఒప్పుకొని అనలే తమ్మీ. నా కడుపు ఇంక మండుతనే ఉన్నది," అంది. "నువ్వొక్కనివే అనుకుంట నిలవడితే సూడలేకపోయిన."

"తెలుసక్కా," అన్నాడు.

ఆ తర్వాత చర్చి ఒక్కటైపోయిందని చెప్పడానికి లేదు. ఆ నెలలోనే గంగాధరరావు బదిలీ చేయించుకుని గుంటూరు వెళ్ళిపోయాడు. సామాను లారీకి ఎక్కించేటప్పుడు సాయానికి పోయింది ప్రభుదాసు ఒక్కడే. వేదవతి, వెళ్ళొస్తామని కాక వెళ్తామని చెప్పి, లారీ ముందు సీటులో పిల్లలను ఒళ్ళో కూర్చోబెట్టుకుంది. భిక్షపతి పట్నంలో వేరే చర్చికి పోతున్నాడని విన్నారు. అయ్యగారు చాలా రోజులకు వచ్చి, జరిగిందంతా తెలుసుకుని, ప్రభుదాసు భుజం మీద చెయ్యివేసి మంచి పని చేశావన్నారు. ప్రభుదాసుకు సంతోషమూ కలగలేదు, బాధా కలగలేదు. ఆరాధన మాత్రం ఆగలేదు. జ్వరాలకు, బావులకు గది ఎప్పటిలాగే జవాబిచ్చేది.

గొడవ సద్దుమణిగి బస్సులు మళ్ళీ తిరగసాగాయి. మొదటిరోజు పొద్దున్నే ప్రభుదాసు దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సెక్కాడు. కిటికీ పక్కన సీటు దొరికింది. కూర్చున్న మరుక్షణమే తల చువ్వలకు ఆనింది. దవాఖాన స్టాపు ఎప్పుడు దాటిపోయిందో తెలియదు. ఆఖరి స్టాపులో కండక్టరు భుజం పట్టి కుదిపాడు.

"పెద్దాయనా, యాడ దిగాలె నువ్వు?"

ప్రభుదాసు చెప్పాడు. కండక్టరు నవ్వి, ఇదే బస్సు వాపసు పోతుంది, కూర్చోమన్నాడు. అతను సరేనని మళ్ళీ కళ్ళు మూసుకున్నాడు.