ఓడెక్కిన కాయ: పెనుగొలను తోటలో ఒక ఉదయం

తిరువూరు లైబ్రరీలో సాయంత్రం అయిదింటికి నేను మాట్లాడాలి. అంతకుముందు పదిమంది ముందు నోరు తెరిచినవాణ్ణి కాను. ఇంగ్లీషులో మ్యాంగో, పోర్చుగీసులో మాంగా, జర్మనులో మాంగో. ఆ మాట పుట్టిల్లు మన దక్షిణాదే అన్నది నా విషయం. మలయాళంలో మాంగ, తమిళంలో మాంగాయ్. పోర్చుగీసు నావికులు కేరళ తీరాన విని తీసుకెళ్లారు. మాంగాయ్ చివర ఉన్నది మన మామిడికాయలోని కాయే. తొమ్మిదో తరగతితో చదువు ఆగినా ఇంతవరకు పుస్తకాల్లో వెతుక్కున్నాను. ఒక్కటే తేలలేదు: పండు రుచి మరిగినవాళ్లు కాయ పేరెందుకు పట్టుకెళ్లారు? సభలో మాస్టార్లు అడగక మానరు. కాయ కోసేవాళ్లనే అడుగుదామని బయల్దేరాను.

ఉదయం ఆరింటికి తిరువూరు బస్టాండు దగ్గర షేర్ ఆటో ఎక్కి, గంపలగూడెంలో మారి, పెనుగొలను చేరేసరికి ఏడు దాటింది. రెండు ఆటోలకూ కలిపి యాభై రూపాయలు. "తోట కొంటానికా అండీ?" అన్నాడు రెండో ఆటో డ్రైవరు. "ఒక మాట తెలుసుకోవడానికి" అన్నాను. "దానికి ఫోన్ చాలదా!" అని నవ్వాడు.

తోటలో కోత సగమైంది. వల కట్టిన గడకర్రతో తొడిమ ఉండేలా కాయను తెంపి, సొన కారిపోయేలా బోర్లించి పెడుతున్నారు. ముఠా మేస్త్రి కోటయ్యగారిని రెండు పండ్లు అడిగాను. కొమ్మ మీదున్నతను పకపకా నవ్వాడు.

"తోటలో పండేంటి సార్? పండు కనపడితే షావుకారు నన్ను తిట్టిపోస్తాడు. కాయ తీసుకెళ్లి గడ్డిలో వేసుకోండి, నాలుగు రోజులకి పండుద్ది" అన్నారు కోటయ్యగారు.

"మరి దూరం వెళ్లేవో?"

"పండు ఢిల్లీ దాకా ఆగుద్దా? లారీ ఎక్కేది ఎప్పుడూ కాయే."

"ఓడైనా అంతేనా?"

"ఓడ నేను చూళ్లేదు గానీ, కాయకి లారీ అయితేనేం, ఓడైతేనేం అండీ!"

సాయంత్రం అనుకున్న ప్రశ్నే వచ్చింది. కోటయ్యగారి మాటే చెప్పాను. "ఏ పుస్తకంలో ఉందయ్యా?" అన్నారు ముందు వరుసలోని రిటైర్డు మాస్టారు. "పుస్తకంలో లేదండి. పెనుగొలను తోటలో విన్నాను." ఆయన జేబులోంచి పెన్ను తీశారు. "మేస్త్రి పేరు మళ్లీ చెప్పు."

సముద్రాలు దాటిన మాటను నిలబెట్టడానికి మా ప్రాంతం మేస్త్రి చాలాడు. ఇంత గర్వం నాకెప్పుడూ కలగలేదు. మీరూ వెళితే మే నెలలో, ఎండెక్కకముందే వెళ్లండి. తెల్లచొక్కా మాత్రం వద్దు, సొన మరక ఉతికినా పోదు. నేను ఆ మరకతోనే సభలో నిలబడ్డాను.